చదవడానికి మాత్రమే

గిరిబాబు రాసిన ప్యాచ్ మీద మొదటి ఫిర్యాదు వచ్చేనాటికి గిరిబాబు పోయి నాలుగు నెలలైంది.

అది అతని పేరుకే వచ్చింది. అతని మెయిలు ఇంకా భార్య రేఖ ల్యాప్‌టాప్‌లో తెరిచే ఉంది. మూసెయ్యాలని ఆమెకు చాలాసార్లు అనిపించింది గాని చెయ్యి ఆడలేదు. నరసన్నపేటలో, హైవేకి కాస్త ఇవతల, కింద ఎరువుల కొట్టు ఉన్న మేడ మీద వాళ్ల ఇల్లు. ఆ పొద్దున కొట్టు ముందు లారీలోంచి బస్తాలు దించుతున్నారు. అత్త జగ్గమ్మ వంటింటి గుమ్మంలో కూర్చుని చేటలో ఉలవలు చెరుగుతోంది. రేఖ కాఫీ గ్లాసు పక్కన పెట్టి ఆ మెయిలు తెరిచింది.

ఫిలిప్పీన్స్ నుంచి రమోన్ అనే ఆయన రాశాడు. కోళ్ల ఫారాల్లో ఫ్యాన్లు నడిపే చిన్న కంప్యూటర్ బోర్డులు అమర్చడం ఆయన వృత్తి. తుఫాను వచ్చి కరెంటు పోయిందట. జనరేటర్ వేశారు. లైట్లు వెలిగాయి గాని బోర్డులు లేవలేదు. ఫ్యాన్లు తిరగలేదు. నాలుగు వైపులా మూసిన షెడ్డులో కోళ్లు ఉక్కకి చచ్చిపోయాయి. కారణం వెతుక్కుంటూ వెతుక్కుంటూ ఆయన ఒకే ఒక ప్యాచ్ దగ్గరికి, అంటే బోర్డు లోపలి ప్రోగ్రాములో జరిగిన ఒక చిన్న మార్పు దగ్గరికి వచ్చి ఆగాడు.

"ఇది తీసేస్తే బోర్డు లేస్తోంది. పెడితే లేవడం లేదు. గిరిబాబు గారూ, దీన్ని మీరు చిన్న బోర్డుల మీద ఒక్కసారైనా నడిపి చూశారా?" అని ఉంది చివర.

ఆ ప్యాచ్ కింద రెండు పేర్లున్నాయి. రాసింది గిరిబాబు. చదివి సరిచూసింది రేఖ.

ఆమె గ్లాసు తీసి, తాగకుండానే మళ్లీ అక్కడే పెట్టేసింది.

*

వాళ్లిద్దరూ విజయనగరంలో ఇంజనీరింగు చదివే రోజుల్లో కలిశారు. రేఖది గజపతినగరం. గిరిబాబుది నరసన్నపేటకి ఆనుకుని ఉన్న పల్లె. వరి పండించే కుటుంబం. తండ్రి సోములు అతని చిన్నప్పుడే పాము కరిచి పోతే, జగ్గమ్మే పొలం చేయించి అతన్ని చదివించింది. పెళ్లయ్యాక మొగుడూ పెళ్లాలిద్దరూ బెంగళూరులో ఒకే కంపెనీలో చేరారు. కరోనా కాలంలో ఇంటికి వచ్చి, ఇక్కడి నుంచే పని చేసుకోవచ్చని తేలాక మళ్లీ వెళ్లలేదు. జగ్గమ్మను పల్లె నుంచి తెచ్చి దగ్గర పెట్టుకున్నారు.

వాళ్ల పని కంప్యూటర్‌కి అన్నిటికన్నా లోపల ఉండే ప్రోగ్రాములో. దాన్ని కెర్నెల్ అంటారు. అందులో కూడా వాళ్లు చూసేది ఒక ఫైల్‌సిస్టమ్, అంటే డిస్కు మీద ఏది ఎక్కడ దాచాలి, ఎవరిని చదవనివ్వాలి, ఎవరిని రాయనివ్వాలి అని చూసుకునే భాగం. దాన్ని ప్రపంచంలో ఎక్కడెక్కడి వాళ్లో కలిసి రాస్తారు. ఎవరైనా ఒక మార్పు రాసి అందరికీ మెయిలు పంపుతారు. ఆ మార్పే ప్యాచ్. ఇంకొకరు దాన్ని ప్రతి వరసా చదివి, బాగుంటే తమ పేరు చేరుస్తారు. ఆ తర్వాత పోర్చుగల్‌లో ఉండే దువార్తె అనే ఆయన దాన్ని లోపలికి తీసుకుంటాడు. ఆ ఫైల్‌సిస్టమ్‌కు ఆయనే పెద్ద.

రేఖ చదివితే ఇక భయం లేదని ఆ మెయిళ్ల లిస్టులో పేరు. మొగుడని చూసేది కాదు. గిరిబాబు ప్యాచ్‌లను మూడేసి సార్లు తిప్పి పంపేది. "కూరలో ఉప్పు లేకపోతే ఒక్క మాటా అనవు, కోడ్‌లో కామా తప్పితే మాత్రం కాల్సుకు తింటావు" అనేవాడతను. అతను గబగబా రాసేవాడు, ఆమె నెమ్మదిగా చదివేది. అలా ఇద్దరికీ బాగానే సాగింది.

ఆ చివరి ప్యాచ్‌కి కారణం గోపి. బస్టాండు దగ్గర ఫొటో స్టూడియో నడిపే గోపి ఒకరోజు పాడైపోతున్న డిస్కు పట్టుకుని ఏడుపు మొహంతో మేడెక్కి వచ్చాడు. చుట్టుపక్కల ఊళ్ల పెళ్లిళ్లు, రజస్వల ఫంక్షన్లు, దినాల ఫొటోలు అన్నీ అందులోనే ఉన్నాయి. గిరిబాబు జాగ్రత్త మనిషే. డిస్కుని రీడ్ ఓన్లీ అని, అంటే చదవడానికి మాత్రమే అని తెరిచాడు. అలా తెరిస్తే దాని మీద ఎవరూ ఏమీ రాయకూడదు. కాని ఫైల్‌సిస్టమ్‌కి ఒక అలవాటుంది. కరెంటు హఠాత్తుగా పోతే రాత సగంలో ఆగిపోతుంది కాబట్టి, ఏం రాయబోతోందో ముందే ఒక మూల గుర్తు పెట్టుకుంటుంది. మళ్లీ తెరవగానే ఆ గుర్తు చూసుకుని సగం రాత పూర్తి చేసేస్తుంది. రీడ్ ఓన్లీ అని చెప్పినా సరే, ఆ మరమ్మతు తన సొంత పని కదా అన్నట్టు రాసేస్తుంది. చావుకి సిద్ధంగా ఉన్న డిస్కు మీద అది రాయబోయేసరికి డిస్కు కరకరమని ఆగిపోయింది. ఫొటోలు సగం పైగా పోయాయి.

గిరిబాబు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

"సదవడానికి మాత్రమే అని సెప్పినాక ఒక్క అచ్చరం రాయకూడదు రేఖా. ఎవులైనా సరే, ఇల్లు కట్టినోడైనా సరే. రాయబోతే ఆపి అడిగీ గుమ్మం ఒకటి పెట్టాల. దీన్ని నాను మారుస్తాను" అన్నాడు.

మారుస్తాను అంటూనే నెలలు గడిచిపోయాయి. మొదట జ్వరం, తర్వాత నీరసం. చిగుళ్ల నుంచి రక్తం వస్తే శ్రీకాకుళంలో చూపించారు. అక్కడి డాక్టరు రక్తం రిపోర్టు చూసి, కూర్చోమని కూడా అనకుండా విశాఖపట్నం తీసుకెళ్లమన్నాడు. రక్తంలో క్యాన్సర్. మందులు ఎక్కించారు. కాస్త తేరుకున్నాడు. మళ్లీ తిరగబెట్టింది.

ఆ ప్యాచ్ అతను ఆసుపత్రి మంచం మీద రాశాడు. ఎడమ చేతికి సెలైన్ సూది, ఒళ్లో దిండు, దిండు మీద ల్యాప్‌టాప్. జుట్టంతా ఊడిపోయిన తల కిటికీ వెలుగులో మెరిసేది. జగ్గమ్మ మంచం పక్కన బత్తాయి ఒలుస్తూ "పడుకోరా నాయినా, ఆ దెయ్యాన్ని మూసీరా" అని గొణిగేది. అతను ఒక వరస రాసి కళ్లు మూసుకునేవాడు, మళ్లీ ఒక వరస రాసేవాడు.

అది పూర్తయిన రోజునే డాక్టరు రేఖను వేరే గదిలోకి పిలిచి, ఇంక చెయ్యగలిగింది ఏమీ లేదన్నాడు. బాగా ఉంటే రెండు మూడు నెలలు అన్నాడు. ఆమె వరండాలోకి వచ్చి గోడకి ఆనుకుని నిలబడింది. లోపల్నుంచి గిరిబాబు పిలిచాడు.

"రేఖా, పంపీసాను. సదివి నీ పేరు పెట్టు."

ఆమె వరండాలోనే ఫోన్‌లో తెరిచింది. నలభై వరసలుంటాయేమో. పైన అతని పేరు కనిపించింది. దాని కింద అతను రాసిన వివరణ: చదవడానికి మాత్రమే అని తెరిచిన డిస్కును ఫైల్‌సిస్టమ్ కూడా ముట్టుకోకూడదు, మరమ్మతు తర్వాత రాయడానికి తెరిచినప్పుడు చేసుకోవాలి, అని. ఆ తర్వాతి వరసలు ఆమె కళ్ల ముందు నీళ్లలో కాగితాల్లా కదిలాయి. ఒక్కటీ లోపలికి వెళ్లలేదు. చదివాను, బాగుంది అని తన పేరు పెట్టి పంపేసింది.

లోపలికి వెళ్లేసరికి అతను ఆశ్చర్యంగా చూస్తున్నాడు.

"ఎప్పుడూ మూడుసార్లు తిప్పి కొడతావు గదా. ఇదేటి, ఒక్క దెబ్బకే పెట్టీసినావు?"

"బాగుంది బావా. అందుకే."

"నిజంగానేనేటి?"

"నిజంగానే."

అతను ఆమె ముఖం కేసి కాసేపు చూశాడు. తర్వాత తల్లి వైపు తిరిగి "సూసినావా అమ్మా, నీ కోడలు మొదటిసారి నాకు వందకి వంద ఏసింది" అని నవ్వాడు. జగ్గమ్మ కూడా నవ్వింది. ఆ గదిలో ముగ్గురూ ఒకేసారి నవ్వడం అదే ఆఖరు.

ప్యాచ్ లోపలికి వెళ్లిన రోజు అతను, ఏ మార్పు ఎవరు చేశారో రాసి ఉంచే కెర్నెల్ చరిత్రలో తన పేరు తెరిచి తల్లికి చూపించాడు. ఆమెకి ఇంగ్లీషు అక్షరాలు రావు. స్క్రీను మీద వేలు పెట్టి "ఇదేనేటి నీ పేరు? ఎప్పటికీ ఉంటాదా?" అని అడిగింది. "ఉంటాదే అమ్మా. ఈ పెపంచకంలో కంప్యూటర్లు ఉన్నన్నాళ్లూ ఉంటాది" అన్నాడు. శ్రావణంలో పోయాడు. వంశధారలో అస్థికలు కలిపి వచ్చాక కూడా జగ్గమ్మ అప్పుడప్పుడూ "ఒలే, ఆడి పేరు సూపించవే" అని రేఖ పక్కన వచ్చి కూర్చునేది. రేఖ చూపించేది. ఆమె ఆ అక్షరాలను వేలితో తడిమి లేచి వెళ్లిపోయేది.

*

రమోన్ మెయిలు చూశాక రేఖ ఆ ప్యాచ్‌ని మొదటిసారి చదివింది.

అరగంట కూడా పట్టలేదు. కంప్యూటర్ లేచేటప్పుడు తన సొంత డిస్కుని కూడా మొదట రీడ్ ఓన్లీగానే తెరుస్తుంది. పెద్ద యంత్రాల్లో దానికి ముందు ఇంకో మెట్టుంటుంది, మరమ్మతు అక్కడే అయిపోతుంది. చిన్న బోర్డుల్లో ఆ మెట్టు ఉండదు. అవి లేస్తూ లేస్తూ తమ గాయాన్ని తామే కుట్టుకుని నిలబడాలి. గిరిబాబు పెట్టిన ఆ గుమ్మం వాటిని కూడా రాయొద్దంది. సగం రాతతో ఉన్న డిస్కులో, మొదట నడవాల్సిన ప్రోగ్రామే వాటికి దొరకలేదు.

ఆరోగ్యంగా ఉన్నప్పుడైనా గిరిబాబు చెయ్యగలిగిన తప్పే అది. అతను ఇలాంటివి ఎన్నో మరిచిపోయేవాడు, ఆమె ఎన్నో పట్టుకునేది. చదివి ఉంటే దీన్నీ పట్టుకునేది. అందులో ఆమెకు అనుమానం లేదు.

ఆ వారంలో ఇంకా ఫిర్యాదులు వచ్చాయి. నీళ్ల పంపుల కంట్రోలర్లు, ఒక ద్వీపంలో వాతావరణం కొలిచే స్తంభాలు. అన్నీ గిరిబాబు పేరుకే. ఒకతను మరీ కోపంగా రాశాడు: "తాను రాసింది తానే పరీక్షించని మనిషికి మరొకరి డిస్కు మీద ఏం హక్కుంది? మూడు సార్లు అడిగాను. జవాబివ్వడానికి కూడా తీరిక లేదా?"

రేఖ అతనికి జవాబు రాసింది. గిరిబాబు రక్తం క్యాన్సర్‌తో ఆగస్టులో చనిపోయాడని, తాను అతని భార్యనని, తప్పు దొరికిందని, సరిదిద్దే ప్యాచ్ పంపుతున్నానని. గంటలోనే ఆ మనిషి క్షమించమని రాశాడు. తనకు తెలియదన్నాడు. తన కూతురికి కూడా అదే జబ్బని రాశాడు. ఆ కోపం మెయిలే నయమనిపించింది ఆమెకు.

ఆమె రాసిన దిద్దుబాటు చాలా చిన్నది. కంప్యూటర్ తన సొంత డిస్కుతో లేస్తున్నప్పుడు మాత్రం మరమ్మతును ఒప్పుకోవాలి. వేరే ఏ డిస్కునైనా రీడ్ ఓన్లీగా తెరిస్తే ఒప్పుకోకూడదు. చిన్న బోర్డు ఒకటి తెప్పించి, అది డిస్కు మీద రాస్తుండగా కరెంటు వైరు లాగేసి, మళ్లీ పెట్టి చూసింది. ప్రతిసారీ లేచింది. గిరిబాబు వరసలు అలాగే నిలిచాయి.

దువార్తె మర్యాదగానే జవాబిచ్చాడు. గిరిబాబు పోయినందుకు చాలా బాధపడుతున్నానన్నాడు. మీ దిద్దుబాటు సరిగానే కనిపిస్తోంది అన్నాడు. "అయినా ఇప్పట్లో ఈ చోటు మళ్లీ ముట్టుకునే ధైర్యం నాకు లేదు. జనం యంత్రాలు ఆగిపోయాయి. పాత అలవాటు వల్ల నష్టపోయామని గిరిబాబు తప్ప ఎవరూ అనలేదు. మొత్తం ప్యాచ్‌ని వెనక్కి తీసేద్దాం. కావాలంటే నేనే తీస్తాను. మీరు పంపితే ఇంకా బాగుంటుంది, అర్థమైన వాళ్లు మీరే కదా."

ఆమె వాదించింది. గోపి డిస్కు సంగతి రాసింది. దువార్తె మూడు రోజులు జవాబివ్వలేదు. తర్వాత రెండు వాక్యాలు రాశాడు. పాడైన డిస్కులు తెరిచేవాళ్లు కొద్దిమంది, కరెంటు పోయే ఇళ్లు కోట్లు. దయచేసి వెనక్కి తియ్యండి.

ఆయన చెప్పిందాంట్లో తప్పేమీ లేదు. ఆమె ఆయన స్థానంలో ఉంటే అదే చెప్పేది.

ఒక మధ్యాహ్నం, జగ్గమ్మ పొలం కోతలు చూడ్డానికి పల్లె వెళ్లినప్పుడు, రేఖ ఆ పని చేసింది. ఒక ప్యాచ్‌ని వెనక్కి తియ్యడానికి ఒక్క కమాండు చాలు. గిరిబాబు రోజుల తరబడి, వరస వరసకీ కళ్లు మూసుకుంటూ రాసింది అంతా ఎర్ర అక్షరాల్లో తీసివేతలుగా వచ్చేసింది. కింద కారణం రాయాలి. ఆమె రాసింది: "ఈ మార్పు చిన్న బోర్డులను లేవనివ్వడం లేదు. చదివి సరిచూసినప్పుడు ఈ సంగతి పట్టుకోలేదు." చదవనే లేదు అని రాసి, గిరిబాబు పేరు పక్కన ఆ మాట పెట్టలేక తుడిచేసింది. పంపింది. సాయంత్రానికి దువార్తె "తీసుకున్నాను, కృతజ్ఞతలు" అన్నాడు.

రమోన్ తన బోర్డుల మీద నడిపి చూసి రాశాడు. బోర్డులు లేస్తున్నాయట. థ్యాంక్స్ చెప్పాడు. ఆ కోళ్ల ఫారం యజమాని మాత్రం దాన్ని మూసేశాడని, ఇది మీకు చెప్పాలో లేదో తెలియలేదని, చెప్పకుండా ఉండలేకపోయానని రాశాడు.

*

జగ్గమ్మ పల్లె నుంచి వచ్చిన మర్నాడు సాయంత్రం తల దువ్వుకుని రేఖ పక్కన కూర్చుంది.

"ఏదే, ఆడి పేరు ఓసారి సూపించు."

రేఖ చూపించొచ్చు. చరిత్రలో ఆ పేరు ఇంకా ఉంది, తీసేసిన మార్పుల పేర్లు కూడా అక్కడ ఉంటాయి. పైన ఇప్పుడు ఇంకో వరస వచ్చిందంతే. ఆ వరసలో రేఖ పేరుంది. జగ్గమ్మకి ఆ అక్షరాలు తెలియవు. ఏమీ చెప్పకుండా గడిపెయ్యొచ్చు. అయినా రేఖ చెప్పేసింది.

"అత్తా, గిరి రాసింది తీసేశారు."

"తీసీసినారా? ఎవులు?"

"నేనే."

జగ్గమ్మకి వెంటనే అర్థం కాలేదు. "నువ్వేటి తీసీడం? ఆడు సచ్చీముందు రాసింది అదే కదే. ఆ సూదుల సేత్తోటి" అంది. రేఖ కోళ్ల సంగతి చెప్పింది. కరెంటు, చిన్న బోర్డులు, లేవకపోవడం, తనకి ఎంత తేలికగా వస్తే అంత తేలికగా చెప్పింది. జగ్గమ్మ అంతా వింది. కోళ్లన్నీ పోయాయంటే "అయ్యో, ఎవులి కొంపో" అంది.

"అలగైతే తప్పు ఆడిదేనేటి?"

"ఆ తప్పు ఎవరైనా చేస్తారత్తా. అందుకే ఇంకొకరు చదవాలి. చదవాల్సింది నేను."

"మరి సదివినావు కదే. వందకి వంద ఏసినావు కదే."

"చదవలేదు."

కింద కొట్టువాళ్లు షట్టరు దించుతున్న చప్పుడు వచ్చింది. రేఖ ఆసుపత్రి వరండా సంగతి, డాక్టరు మాట, ఫోన్‌లో కదిలిపోయిన వరసల సంగతి చెప్పింది. డాక్టరు చెప్పింది వెళ్లి అతనికి చెప్పలేక, కనీసం ఆ ఒక్క రోజు అతన్ని సంతోషంగా ఉంచుదామనుకున్నానని చెప్పింది. అత్త తిడుతుందని ఎదురుచూసింది. తిడితే బాగుండునని కూడా అనుకుంది.

జగ్గమ్మ తిట్టలేదు. తనలో తాను అనుకుంటున్నట్టు నెమ్మదిగా అంది.

"ఆడికి ఆ రోజుకింకా సేతులాడతన్నాయి. తెలివున్నాది. ఆ పైన రెండు నెల్లు బతికినాడు. నువ్వు ఇక్కడ తప్పున్నాదని సెప్పుంటే, ఆడే దిద్దుకునీవోడు కదే."

రేఖకి ఈ మాట ఇంతవరకూ తట్టలేదు. కోళ్ల గురించి ఆలోచించింది, తన పేరు గురించి ఆలోచించింది, తీసెయ్యాల్సి వచ్చినందుకు ఏడ్చింది. ఆ రెండు నెలల గురించి ఆలోచించలేదు. మంచం మీద పడుకుని ఫ్యాను కేసి చూస్తూ "ఏటీ పని లేదు రేఖా, పొద్దు ఎల్లడం లేదు" అని గిరిబాబు అన్న రోజులు అవి. నాలుగు వరసల దిద్దుబాటు. అతనికి ఒక్క పూట పని. మూడుసార్లు తిప్పి పంపి ఉంటే మూడు పూటలు.

"అవునత్తా" అంది.

జగ్గమ్మ లేచి వంటింట్లోకి వెళ్లింది. అన్నం వార్చింది. ఇద్దరికీ పెట్టింది. ఇద్దరూ తిన్నారు. ఆ మర్నాడు గాని, ఆ పై వారం గాని ఆమె గిరిబాబు పేరు చూపించమని అడగలేదు. రేఖ కంపెనీలో సెలవు పెట్టింది. లిస్టులో ఎవరో తమ ప్యాచ్ చదవమని అడిగితే, తెరిచి, మొదటి వరస దగ్గరే ఆగిపోయి, తనవల్ల కాదని రాసేసింది.

పదిహేను రోజుల తర్వాత ఒక ఉదయం, అలమరలో ఎప్పటినుంచో ఆగిపోయి పడి ఉండి, ముందు రోజే రేఖ మళ్లీ ఛార్జర్‌కి పెట్టిన గిరిబాబు ఫోన్ టింగుమంది. కాసేపాగి మళ్లీ. మళ్లీ. జగ్గమ్మ చీపురు పక్కన పడేసి వచ్చింది.

"ఎవులే? ఆడికి ఎవులు సేత్తన్నారు?"

రేఖ తీసి చూసింది. పాత కెర్నెల్‌లు వాడేవాళ్లు ఇంకా ఉంటారు, అప్పట్లో ఆ ప్యాచ్ వాటిల్లోకి కూడా వెళ్లింది. వాటన్నిట్లోంచి కూడా ఆ ప్యాచ్‌ని తీసేస్తూ, ఒక్కో దానికి ఒక్కో మెయిలు, రాసిన మనిషికి తనంతట తానే పంపే ప్రోగ్రాము అది.

"ఎవరూ కాదత్తా. మిషను."

"ఏటంతాది?"

"అతను రాసింది తీసేశానని చెబుతోంది."

"ఓసారి సెప్పింది సాలదేటి?"

"ఎన్ని చోట్ల ఉందో అన్నిసార్లు చెబుతుంది."

జగ్గమ్మ ఫోన్ అందుకుని, రెండు చేతుల మధ్య పట్టుకుని మంచం మీద కూర్చుంది. అది మోగినప్పుడల్లా స్క్రీను మీద ఇంగ్లీషులో గిరిబాబు పేరు వెలిగి ఆరుతోంది. రేఖ దాన్ని ఆపడానికి చెయ్యి చాపింది. జగ్గమ్మ ఇవ్వలేదు.